కీమో అయిపోయింది, మరి మొద్దుబారిన పాదాల సంగతేమిటి?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక పాఠకురాలు పేరు వేయొద్దంటూ పెద్ద ఉత్తరం రాశారు. వయసు 46. ఇంట్లోనే బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు కుడతారు. కుడి రొమ్ములో క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్ చేసి, చంకలో గ్రంథులు కూడా తీశారు. తర్వాత ఎర్ర మందు (డాక్సోరుబిసిన్ జాతి మందు) కీమో 4 సార్లు, వారం వారం పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు 12 సార్లు, ఆపైన రేడియేషన్. కీమో ఆగి 8 నెలలైంది. ఇప్పుడు క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే హార్మోన్ వైద్యం, టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాముల మాత్ర రోజూ వేసుకుంటున్నారు. కీమో మొదట్లో షుగర్ బయటపడింది, దానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఇంట్లో అందరూ శాకాహారులు.

బాధలు ఆవిడ మాటల్లోనే: “పాదాలు నావి కానట్టున్నాయి. పగలు దూది మీద నడిచినట్టు, రాత్రి నిప్పుల మీద పెట్టినట్టు ఉంటుంది. కాపడం పెట్టుకుందామని వేడినీళ్ల బ్యాగు పెట్టుకుంటే బొబ్బ లేచింది, పొద్దున చూసేదాకా తెలియలేదు. వేళ్లకు సూది ఆనడం లేదు. బ్లౌజుకు హుక్కులు కుట్టడం మాట అటుంచి, నా బ్లౌజు హుక్కులే పెట్టుకోలేకపోతున్నాను. మోటారు పెడల్ మీద కాలు ఎంత నొక్కానో తెలియక మిషన్ పరిగెత్తుతోంది. కొలతలు తీసి టేపు కింద పెట్టేలోపు మర్చిపోతున్నాను. రాత్రి నాలుగైదుసార్లు ఒళ్లంతా వేడెక్కి చెమటతో మెలకువ వస్తోంది. మధ్యాహ్నానికి ఒంట్లో ఉన్నదంతా ఎవరో తోడేసినట్టు కూలబడిపోతున్నాను.” మందుల షాపులో నరాలకని క్యాప్సూళ్లు ఇచ్చారు, మూడు నెలలుగా వాడుతున్నారు. భర్త “రిపోర్టులన్నీ నార్మలేగా, ఇంకా పడుకోవడం ఎందుకు?” అంటున్నారు. పెళ్లిళ్ల సీజనులో ఆర్డర్లు పక్కవీధికి పోతున్నాయి. ఇవి తగ్గుతాయా, టామాక్సిఫెన్ ఆపేస్తే బాగుంటుందా, మిషన్ అమ్మేయమంటారా అని అడిగారు.

అమ్మా, మూడింటికీ ముందు సూటిగా చెబుతాను. చాలావరకు తగ్గే అవకాశం ఉంది, కానీ నెమ్మదిగా, పూర్తిగా తగ్గుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. టామాక్సిఫెన్ మీ అంతట మీరు ఆపకండి. మిషన్ ఇప్పుడే అమ్మకండి.

మీరు రాసినవన్నీ “కీమో ఎఫెక్టు” అని ఒకే మూటగా కట్టేశారు. చిక్కంతా అక్కడే. ఇందులో కనీసం మూడు వేర్వేరు సంగతులున్నాయి. పాదాలు, వేళ్లు పాక్లిటాక్సెల్ తెచ్చిన నరాల జబ్బు. దానికి షుగర్, బీ12 లోపం తోడయ్యాయేమో చూడాలి. రాత్రి వేడి ఆవిర్లు కీమోకి ముట్లు ఆగిపోవడం వల్లా, టామాక్సిఫెన్ వల్లా. మతిమరుపు, మధ్యాహ్నపు నీరసం కొంత కీమోవి, కొంత ఆ చెడిపోయిన నిద్రవి. వేటి వైద్యం వాటిదే.

పాదాల సంగతి ముందు. నడుము దగ్గర మొదలై కాలి బొటనవేలి దాకా పోయే నరపు పోగు మీటరు దాకా ఉంటుంది. దానికి కావలసిన సరుకంతా పైనున్న కణంలో తయారై, సన్నటి గొట్టాల వెంట కిందికి చేరాలి. పాక్లిటాక్సెల్ క్యాన్సర్ కణాన్ని చంపేది ఆ గొట్టాల్ని బిగదీసే. నరాల్లోనూ అవే గొట్టాలున్నాయి. మీ జిల్లాలో చెప్పాలా, కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది శివారు పొలమే. అందుకే కాలివేళ్లు ముందు, తర్వాత చేతివేళ్లు, రెండు పక్కలా ఒకేలా. తెగిన నరం కూడా అన్నీ కుదిరితే రోజుకు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందంటారు. కాబట్టి 8 నెలలకు ఇలా ఉండటం వింతేమీ కాదు. చాలామందిలో ఏడాది, ఏడాదిన్నరలో బాగా తగ్గుతుంది. కొందరిలో వేళ్ల చివర కొంత మొద్దుదనం ఏళ్ల తరబడి మిగిలిపోతుంది.

తగ్గుతోందో లేదో రోజూ చూసుకుంటే తెలియదు. నెలకోసారి, ఒకటో తారీఖున చూడండి. కళ్లు మూసుకుని, పాదం మీద వేళ్ల నుంచి పైకి దూది ముక్కతో రాయించుకోండి. ఎక్కడ తెలియడం మొదలైందో బాల్‌పెన్నుతో గీత పెట్టించి, వేలి మొదట్నుంచి టేపుతో కొలిచి రాసుకోండి. ఒక బ్లౌజుకు అన్ని హుక్కులూ పెట్టడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా రాయండి. గీత వేళ్లవైపు జారుతుంటే నరం కోలుకుంటున్నట్టే, మధ్యలో జివ్వుమనడం కాస్త ఎక్కువైనా సరే. గీత పైకి పాకుతుంటే మాత్రం కీమో ఆగిన ఇన్ని నెలల తర్వాత అది పాక్లిటాక్సెల్ పని కాకపోవచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు ఆ క్యాప్సూళ్లు. పెట్టె వెనక సన్నక్షరాల్లో ఏముందో చదవండి. ఇలాంటివాటిలో తరచూ మూడు ఉంటాయి: మిథైల్‌కోబాలమిన్, అంటే బీ12. పిరిడాక్సిన్, అంటే బీ6. మూడోది ఎసిటైల్ ఎల్ కార్నిటిన్. బీ12 లోపం ఉన్నవాళ్లకు మొదటిది కచ్చితంగా అవసరం. బీ6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి పడితే అదే నరాల్ని దెబ్బతీస్తుంది, సరిగ్గా మీకున్న తిమ్మిరే తెస్తుంది. ఇక మూడోది ఉంటే ఆపేయమనే చెబుతాను. పాక్లిటాక్సెల్ జాతి మందులు తీసుకునేటప్పుడు నరాలు పాడవకుండా ఇది కాపాడుతుందేమోనని అమెరికాలో 400 మందికి పైగా మహిళల మీద పరీక్షించారు. ఫలితం 2013లో వెలువడింది: ఇది తీసుకున్నవాళ్లకే తిమ్మిర్లు ఎక్కువయ్యాయి. మీరు కీమో తర్వాత వాడుతున్నారు కాబట్టి అచ్చంగా అదే జరుగుతుందని అనను. లాభం తేలని మందుకు నష్టం ఉండవచ్చని తెలిశాక డబ్బు పోయడం దేనికి?

ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు బీ12, మూడు నెలల షుగర్, థైరాయిడ్, రక్తశాతం, విటమిన్ డి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది) పరీక్షలు అడగండి. శాకాహారం, మెట్‌ఫార్మిన్ రెండూ ఉన్నచోట బీ12 తగ్గడం మామూలే. అయితే క్యాప్సూళ్లు మింగుతూ పరీక్ష చేయిస్తే బీ12 ఎక్కువే కనిపిస్తుంది, లోపం దాగిపోతుంది. ఆ పెట్టె తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. అలాగే రక్తం తక్కువగా ఉంటే మూడు నెలల షుగర్ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు, ఇంట్లో పరగడుపు షుగర్ నాలుగైదు రోజులు రాసి పట్టుకెళ్లండి.

రాత్రి మంటకు మందులున్నాయి. మొద్దుదనానికి లేవు. ఈ తేడా తెలియక చాలామంది “మందు వాడినా తిమ్మిరి పోలేదు” అని వారానికే ఆపేస్తారు. కీమో వల్ల వచ్చే నరాల నొప్పికి నమ్మదగిన రుజువున్నది డ్యూలాక్సెటిన్‌కి. మామూలుగా 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 60కి పెంచుతారు. మొదటి రోజుల్లో వికారం ఉంటుంది, అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. ఒక్కసారిగా మానకూడదు. మీ విషయంలో ఒక మెలిక ఉంది. టామాక్సిఫెన్ మాత్ర మింగినంత మాత్రాన పనిచేయదు, కాలేయంలో ఒక ఎంజైము దాన్ని అసలు మందుగా మార్చాలి. డ్యూలాక్సెటిన్ ఆ ఎంజైముకు కొంత అడ్డుపడుతుంది. దిగులుకు ఇచ్చే పారాక్సెటిన్, ఫ్లువాక్సెటిన్ అయితే గట్టిగా అడ్డుపడతాయి. అందుకే వేరే డాక్టరు ఏ మాత్ర రాసినా “నేను టామాక్సిఫెన్ మీద ఉన్నాను” అనే మాట ముందు మీ నోట రావాలి.

మరో దారి వెన్లాఫాక్సిన్. టామాక్సిఫెన్‌కు పెద్దగా అడ్డురాదు. వేడి ఆవిర్లను తగ్గిస్తుంది, నరాల మంటకూ కొందరికి పనికొస్తుంది. ఒక మాత్రతో రెండు బాధలు తగ్గవచ్చు. బీపీ పెరుగుతుందేమో చూస్తుండాలి. దీన్ని, డ్యూలాక్సెటిన్‌ని కలిపి వేసుకోకూడదు. మూడోది మన దగ్గర అందరికీ చటుక్కున రాసే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్. కీమో తిమ్మిర్లకు వీటి రుజువు బలహీనం. కాకపోతే గాబాపెంటిన్ రాత్రి పూట ఒక మోతాదు వేసుకుంటే ఆవిర్లు తగ్గి నిద్ర పట్టవచ్చు. ఇబ్బందేమిటంటే తల తిరుగుతుంది. పాదం ఆనని మనిషికి తల కూడా తిరిగితే, రాత్రి బాత్‌రూముకు లేచినప్పుడు పడిపోయే ప్రమాదం ఎక్కువ. మీ స్థానంలో ముందు వెన్లాఫాక్సిన్ గురించే అడగమంటాను, కానీ మీ బీపీ, మిగతా మందులు చూసిన డాక్టరు మాటే చివరిది. ఈ మందుల్లో ఏదైనా వేసుకుంటే రెండు మూడు వారాలు చూసి నిర్ణయించుకోండి, రెండు రోజులకు కాదు.

మీ ఆసుపత్రిలో “పెయిన్ అండ్ పాలియేటివ్” అని బోర్డు ఉంటే చూసి భయపడకండి. అది చివరి దశ వాళ్లకే అని మనవాళ్ల నమ్మకం. నరాల నొప్పి మందుల్ని మోతాదు మార్చి మార్చి కుదిర్చే అనుభవం వాళ్లకే ఎక్కువ. హైదరాబాద్ ఎంఎన్‌జే లాంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఆ విభాగం ఉంది.

మందుకన్నా ముందు చేయాల్సింది పాదాన్ని కాపాడుకోవడం. వేడినీళ్ల బ్యాగు, ఇటుక కాపడం, కర్పూరం నూనె వేడిచేసి రాయడం అన్నీ బంద్. బొబ్బ లేచినా తెలియలేదని మీరే రాశారు. స్నానానికి నీళ్లు చేత్తో కాదు, మోచేత్తో చూసుకోండి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. మందుల షాపుల్లో షుగర్ వాళ్లకని అమ్మే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు తీసుకోండి, వెనక పట్టీ ఉన్నవే. పట్టీ లేకపోతే చెప్పు జారిపోయినా మీకు తెలియదు. గుడికి ఎండెక్కక ముందే వెళ్లండి, ప్రదక్షిణలకు మందపాటి సాక్సులు వేసుకోండి. రాత్రి పడుకునే ముందు అరికాలు కింద అద్దం పెట్టి చూసుకోవడం, వేళ్ల సందులు తుడుచుకోవడం పళ్లు తోముకున్నంత అలవాటు కావాలి.

మెట్టెలు కూడా చూడండి. వేలు కాస్త వాచినా మొద్దుబారినచోట బిగువు తెలియదు, లోపల్లోపలే కోసుకుపోతుంది. వదులు చేయించండి, లేదా కొన్నాళ్లు తీసేయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఏమైనా అంటారనుకుంటే డాక్టరు తీయమన్నారని చెప్పండి, ఏ డాక్టరైనా అదే అంటారు.

వంటింట్లో అసలు ప్రమాదం గంజి వార్చడం. మొద్దు వేళ్లతో మసిగుడ్డ పట్టు జారినా తెలియదు. కొన్నాళ్లు అన్నం కుక్కర్లో అత్తెసరు పెట్టేయండి, లేదా వార్చే పని మీవారికి అప్పగించండి. కూరగాయల కత్తికి మందపాటి పిడి ఉండాలి. కత్తిపీట ఇప్పుడు వద్దు.

కాళ్లు నిలదొక్కుకోవడానికి రోజూ ఒక పని: వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద 10 అంకెలు లెక్కపెట్టే దాకా నిలబడండి. ఒక్కో కాలికి ఐదుసార్లు. పది తేలికైతే 20, తర్వాత 30. తర్వాత గోడ పక్కన, మడమకు వేళ్లు ఆనించి తాడు మీద నడిచినట్టు పది అడుగులు. చేతివేళ్లకు గిన్నెలో బియ్యం పోసి, అందులో గుండీలు వేసి, చూడకుండా వేళ్లతో వెతికి తీయండి. మీ ఇంట్లో గుండీలకు కొదవ ఉండదు.

ఇక మిషన్ దగ్గరికి వద్దాం. మూడు దారులున్నాయి. పూర్తిగా మునుపటిలా మొదలుపెట్టడం ఒకటి. ఆర్డర్లు నిలుస్తాయి గానీ, పెడల్ అదుపు తప్పి వేలి మీదుగా సూది దిగే ప్రమాదం నిజంగా ఉంది. కుడి చంకలో గ్రంథులు తీశారు కాబట్టి ఆ చేతికి చిన్న గుచ్చుడు కూడా చీము పట్టి చేయి వాచేదాకా పోవచ్చు. రెండోది ఆరునెలలు పూర్తిగా ఆపడం. ఒంటికి విశ్రాంతి, కానీ ఖాతాదార్లు జారిపోతారు, వేళ్లకు అలవాటు తప్పుతుంది. మూడోది పని విడగొట్టడం. కొలతలు, కటింగు, ఫిట్టింగు మీరు చూసుకుని, హుక్కులు, కాజాలు, చేతి కుట్టు వీధిలో ఇంకో అమ్మాయికి బ్లౌజుకింత అని ఇచ్చేయడం. ఆదాయం తగ్గుతుంది, మీ పేరు మాత్రం మార్కెట్లో ఉంటుంది. మీ చేతి విలువంతా కటింగులోనే ఉంది కాబట్టి నాకు ఈ మూడోదే నయమనిపిస్తోంది.

మిషన్ తొక్కేటప్పుడు మడమ నేలకు ఆనించి, వేళ్లతో కాకుండా చీలమండ కదలికతో నొక్కండి. వేళ్లకు తెలియనిది చీలమండకు తెలుస్తుంది. ముందు పాతగుడ్డ మీద పావుగంట, నిదానంగా ఆపడం, మొదలుపెట్టడం మాత్రమే సాధన చేయండి. స్పీడు తగ్గించే రెగ్యులేటర్ పెట్టించవచ్చు. పాత తొక్కుడు మిషన్ ఇంట్లో ఉంటే దానికి మారడమూ మంచిదే, అది మోటారులా దూసుకుపోదు. సూది చుట్టూ వేలు పోకుండా చిన్న కంచె దొరుకుతుంది, బిగించండి. చేతి కుట్టుకు వేలికి లోహపు తొడుగు తప్పనిసరి. కుడి చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కీమో నుంచి ఏడాది పూర్తయ్యాక, మీ ఒకటో తారీఖు లెక్కలు పరుచుకుని అప్పుడు మిషన్ గురించి ఆలోచించండి.

కొలతలు మర్చిపోవడం మీ తెలివి తగ్గడం కాదు. కీమో తర్వాత నెలల తరబడి, ఒకేసారి రెండు సంగతులు మనసులో పట్టుకోవడం కష్టమవుతుంది. కాబట్టి మనసులో పట్టుకోకండి. టేపు ఒంటి మీద ఉండగానే అంకె రాయండి. మాట్లాడుతూ కొలత తీయకండి. ఒక ఆర్డరు గుడ్డ ఒక సంచిలో, చీటీ దానికే పిన్ను చేసి. బల్ల మీద ఒకసారికి ఒకటే సంచి ఉండాలి.

నీరసానికి పడుకోవడం మందు కాదు, వినడానికి విడ్డూరంగా ఉన్నా. కీమో నీరసానికి బాగా పనిచేస్తుందని రుజువైనది నడక. పొద్దున 10 నిమిషాలు, సాయంత్రం 10 నిమిషాలు, చదునైన చోట, చెప్పులతో. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుతూ వారంలో 150 నిమిషాల దాకా చేరండి. ఒంట్లో బాగున్న రోజున వారం పనంతా ఒకేసారి చేసి, తర్వాత మూడు రోజులు మంచమెక్కడం చాలామంది చేసే పని. బాగున్న రోజునా అనుకున్నంతే చేసి ఆపండి. మధ్యాహ్నం అరగంటకు మించి పడుకుంటే రాత్రి నిద్ర మళ్లీ పాడవుతుంది. పడుకునే గదిలో ఫ్యాను, నూలు నైటీ, పక్కన చల్లటి నీళ్లు పెట్టుకోండి. సాయంత్రం కాఫీ మానండి.

ఒక్క జాగ్రత్త. మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, రెండు కాళ్లూ సాయంత్రానికి వాచడం ఉంటే అది వట్టి నీరసం అనుకోకండి. ఎర్ర మందు గుండె కండరాన్ని బలహీనపరచగలదు. గుండెకు ఎకో పరీక్ష చేయించమని అడగండి.

టామాక్సిఫెన్ గురించి. తిమ్మిర్లు అది మొదలుకాక ముందే, కీమో నాటి నుంచే ఉన్నాయి, కాబట్టి వాటి తప్పు దాని మీద వేయకండి. హార్మోన్‌కు స్పందించే క్యాన్సర్ ఉన్నవాళ్లు ఐదేళ్లు వాడితే, 15 ఏళ్ల లెక్కలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయి. మీరు చేయించుకున్న వైద్యంలో అది ఇంకా పూర్తికాని భాగం. ఆవిర్లు మరీ తట్టుకోలేకపోతే దారులున్నాయి: పైన చెప్పిన మందు జోడించడం, డాక్టరు అనుమతితో కొన్ని వారాలు ఆపి బాధ దానిదేనా అని తేల్చుకోవడం, లేదా అండాశయాల్ని అణిచే ఇంజెక్షనుతో పాటు వేరే తరగతి మాత్రకు మారడం. చివరిదానితో కీళ్లనొప్పులు, ఎముకలు పలచబడటం ఉంటాయి. అంటే ఒక బాధ వదిలి మరో బాధ తీసుకోవడమే, తూచుకుని ఎంచుకోవాలి. భార్యాభర్తల మధ్య పొడిదనం, నొప్పి ఉంటే నీటి ఆధారిత జెల్ వాడవచ్చు. హార్మోను ఉన్న క్రీములు మాత్రం అడగకుండా వద్దు.

మీవారు చెడ్డగా అనలేదు. ఆయనకు తెలిసింది రిపోర్టే. స్కాను వెతికేది క్యాన్సర్ గడ్డను, వేళ్ల చివర చచ్చుబడ్డ నరాన్ని కాదు. నరాల పరీక్షలో కూడా సన్నటి నరాలు దెబ్బతింటే కనిపించకపోవచ్చు. “నీరసంగా ఉంది” అని చెప్పకండి, ఆ మాట ఇంట్లో ఇప్పటికే అరిగిపోయింది. పని పేరు పెట్టి అడగండి: గంజి వార్చాలి, పాలగిన్నె దించాలి, రాత్రి అరికాలు చూసి పెట్టాలి. దూది పరీక్ష ఆయన చేతే చేయించండి. కళ్లు మూసుకున్న భార్య పాదం మీద తాను రాస్తున్నది ఆవిడకు తెలియడం లేదని ఒకసారి చూస్తే, తర్వాత మీరు చెప్పాల్సిన పని ఉండదు. ఓపీకి ఆయన్ని లోపలికి తీసుకెళ్లండి, బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి.

ఇవి కనిపిస్తే ఓపీ తేదీ దాకా ఆగవద్దు: ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి పుట్టడం లేదా ఉన్నట్టుండి ఆయాసం, టామాక్సిఫెన్ మీద ఉన్నవాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. ముట్లు ఆగాక మళ్లీ రక్తం కనబడటం. పాదంలో మానని పుండు. నడుమునొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గిపోవడం, మూత్రం లేదా మలం మీద అదుపు తప్పడం. ఈ చివరిది కనిపిస్తే అర్ధరాత్రి అయినా సరే అత్యవసర విభాగానికి వెళ్లి, రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్నానని ముందే చెప్పండి.